శ్రీకాకుళం, విజయనగరం నుంచి బయల్దేరి జూలు చూసి పోల్చుకోవడం ఎలా

మన శ్రీకాకుళం, విజయనగరం వాళ్లకి జూ అంటే ఇంకేటి, వైజాగే. చిన్నప్పుడు స్కూల్ ఎక్స్‌కర్షన్‌కి ఒకసారి, తర్వాత మన గుంటల్ని తీస్కెళ్ళి ఒకసారి, రెండుసార్లూ పులి కనబడిందా లేదా అని చూసుకుని, కోతుల దగ్గర నవ్వుకుని, ఐస్‌క్రీమ్ తిని వచ్చేస్తాం. అలా చూసినా తప్పేం లేదు. కాకపోతే ఇంకో జూ కూడా చూసి రెండూ పోల్చుకోవాలంటే మాత్రం ఆ పద్ధతి పనికిరాదు, ఎందుకంటే ఇంటికొచ్చాక మనకి గుర్తుండేది "అక్కడ ఎక్కువ జంతువులు, ఇక్కడ తక్కువ" అన్న ఒక్క ముక్కే. జంతువుల లెక్కతో జూ మంచిదో కాదో తెలీదు. ఒకటో రెండో జంతువుల్ని పట్టుకుని, అవే జంతువులు ప్రతి జూలో ఎలా బతుకుతున్నాయో చూడండి, నేను చెప్పే పద్ధతంతా ఇదే.

ముందు మీ జంతువుని ఎంచుకోండి

నన్నడిగితే ఎలుగుబంటిని తీసుకోండి. ఉద్దానం వైపు వాళ్లకి దీని గురించి నేను చెప్పక్కర్లేదు, జీడితోటలోకి పొద్దున్నే వెళ్ళాలంటే ఎలుగు భయం ఎలాగుంటదో వాళ్లకే తెలుసు. మనకి తెలిసిన జంతువు కాబట్టి బోనులో దాని తీరు చూస్తే తేడా పట్టుకోగలం. పైగా మన దేశంలో చాలా జూల్లో ఉంటది, పోల్చడానికి వీలు. దాని సంగతి కొంచెం తెలుసుకుని వెళ్ళండి. పొడుగాటి గోళ్ళతో చెదపుట్ట తవ్వుతది, పైవరసలో ముందు రెండు పళ్ళు ఉండవు, ఆ సందులోంచి చెదల్ని గాలితో సహా జుర్రేస్తది, చెట్టెక్కి తేనెపట్టు దులపడం కూడా దాని పనే. అంటే రోజులో ఎక్కువ సేపు వెతుక్కోవడం, తవ్వుకోవడం. మరి జూలో దానికి తవ్వుకోవడానికి ఏమైనా ఉందా, లేక సిమెంటు గచ్చు మీద గిన్నెలో పెట్టింది తిని కూర్చోవడమేనా, మీరు వెతకాల్సింది అది.

రెండోది ఒక పక్షిని పెట్టుకోండి. గూడబాతు (పెలికాన్) గానీ పెయింటెడ్ స్టార్క్ అనే కొంగ గానీ. ఎందుకంటే వీటిని మనం డబ్బు ఖర్చు లేకుండా బయట స్వేచ్ఛగా చూడొచ్చు.

జూకి వెళ్ళేముందు తేలినీలాపురం వెళ్ళండి

ఈ స్టెప్ ఎవరూ చెయ్యరు, కానీ దీనివల్లే మిగతాదంతా బాగుంటది. టెక్కలి దగ్గర తేలినీలాపురం, నౌపడా స్టేషన్‌కి దగ్గరే, చలికాలంలో గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు అక్కడ ఊళ్ళో చెట్ల మీదే గూళ్ళు కట్టుకుని పిల్లల్ని పెంచుతాయి. ఊరోళ్ళు వాటిని సొంత చుట్టాల్లా చూసుకుంటారు. అక్టోబర్ దాటాక, మార్చిలోపు ఎప్పుడైనా వెళ్ళండి, పొద్దున్న ఏడింటికల్లా ఉంటే మంచిది. ఇచ్ఛాపురం వైపు ఉండేవాళ్ళకి తేలుకుంచి ఇంకా దగ్గర, అక్కడ వానాకాలంలో నత్తగుల్ల కొంగలు వస్తాయి, చింతచెట్ల నిండా అవే.

ఇక్కడ చిన్న మాట. ఈ పక్షులు సైబీరియా నుంచి వస్తాయని పేపర్లోనూ చదువుతాం, ఊళ్ళోనూ అంటారు. గూడబాతులు, పెయింటెడ్ స్టార్క్‌లు, నత్తగుల్ల కొంగలు మూడూ మన దక్షిణాసియా, ఆ చుట్టుపక్కల పక్షులే, మంచు దేశం నుంచి వచ్చేవి కావు, నీళ్ళూ చేపలూ నత్తలూ చూసుకుని ఈ దేశంలోనే అటూ ఇటూ తిరుగుతుంటాయి. అలాగని వాటి గొప్ప ఏం తగ్గిపోదు.

తేలినీలాపురంలో ఏం చెయ్యాలంటే, ఒక గూటిని పట్టుకుని ఒక అరగంట చూడండి. తల్లి ఎంత దూరం ఎగిరి వెళ్తోంది, ఎన్ని పక్షులు కలిసి ఉన్నాయి, ఎంత గోల చేస్తున్నాయి, రెక్కలు ఎంత బార చాపుతున్నాయి, ఇవి చూసి ఫోన్‌లో రాసుకోండి. తర్వాత ఏ జూలో పక్షుల బోను ముందు నిలబడ్డా మీ దగ్గర ఒక కొలత ఉంటది. ఆ పక్షి రెక్కలు పూర్తిగా చాపి నాలుగు ఊపులు ఎగరడానికి అక్కడ చోటుందా? చాలా చోట్ల ఉండదు. మనుషులు లోపలికి నడిచి వెళ్ళేలా పెద్ద వల కట్టిన పక్షిశాల ఉన్న జూకి ఇక్కడే మార్కులు పడతాయి.

ఇంట్లో కూర్చుని చెయ్యాల్సిన హోంవర్క్

మన దేశంలో జూలన్నిటికీ సెంట్రల్ జూ అథారిటీ గుర్తింపు ఉండాలి, 1992లో పెట్టిన సంస్థ ఇది. జూలని లార్జ్, మీడియం, స్మాల్, మినీ అని విడగొడతారు. వైజాగ్‌ది, భువనేశ్వర్ నందన్‌కానన్ రెండూ పెద్ద జూలే. ఢెంకనాల్ దగ్గర కపిలాస్ కొండ కింద ఉన్న జూ లాంటివి బాగా చిన్నవి. ఇది ఎందుకు చెప్తున్నానంటే ఒక మినీ జూని నందన్‌కానన్‌తో పోల్చి "ఛీ ఇదేం జూ" అనడం అన్యాయం, చిన్న జూని చిన్న జూతోనే పోల్చాలి, లేదా ఒక్క జంతువు వరకే పెద్దదాంతో పోల్చాలి.

జూలు ప్రతి ఏడూ జంతువుల లెక్క ఆ అథారిటీకి ఇవ్వాలి, ఆ పట్టికలు ఆన్‌లైన్‌లో దొరుకుతాయి. చూడ్డానికి బోరుగా ఉంటాయి గానీ చదవడం తేలిక. ఏడాది మొదట్లో ఎన్ని ఉన్నాయి, ఎన్ని పుట్టాయి, బయట్నుంచి ఎన్ని వచ్చాయి, ఎన్ని చచ్చిపోయాయి, వేరే జూకి ఎన్ని పంపారు, ఏడాది చివర్లో ఎన్ని మిగిలాయి. మగ, ఆడ, తెలీనివి అని మూడు గడులు ఉంటాయి. మీ ఎలుగుబంటి వరస ఒక్కటి చూసుకోండి చాలు. ఒంటరిగా ఒక్కటే ఉందా, జంటగా ఉన్నాయా, పిల్లలు పుడుతున్నాయా. దుప్పుల వరస కూడా చూడండి, అవి ఎలాగూ బాగా పెరుగుతాయి, కాబట్టి పుట్టినవాటికంటే పోయినవి ఎక్కువ ఉంటే అక్కడేదో తేడా ఉందని అనుమానించొచ్చు. అనుమానమే, తీర్పు కాదు. ముసలి జంతువులు ఎక్కువ ఉన్న జూలో చావులు ఎక్కువే ఉంటాయి, దానికి ఎవర్నీ తిట్టలేం.

రోజు, టైము, బస్సు

సోమవారం వెళ్ళకండి. వైజాగ్, నందన్‌కానన్, హైదరాబాద్ మూడింటికీ సోమవారం సెలవు. వారానికి ఒకరోజు మూసెయ్యాలని రూలే ఉంది, ఏ కొత్త జూకి వెళ్తున్నా ముందు సెలవెప్పుడో చూసుకోండి. ఆదివారం, సంక్రాంతి సెలవులు, కార్తీకమాసం పిక్నిక్‌ల టైము కూడా వదిలెయ్యండి, ఆ జనంలో జంతువు కాదు కదా బోను కూడా కనబడదు.

శ్రీకాకుళం కాంప్లెక్స్‌లో వైజాగ్ బస్సు ఎక్కితే రణస్థలం, తగరపువలస, ఆనందపురం, మధురవాడ మీదుగా హైవే మీదే జూ గేటు వస్తది, సిటీలోకి వెళ్ళి మళ్ళీ వెనక్కి రావక్కర్లేదు. విజయనగరం నుంచి వచ్చేవాళ్ళు కూడా ఆనందపురం దగ్గర అదే హైవే ఎక్కుతారు. కానీ నాన్‌స్టాప్ ఎక్కారంటే గేటు ముందునుంచే దూసుకెళ్ళిపోతాడు, కాబట్టి ఎక్కేముందే కండక్టర్‌ని "జూ పార్క్ దగ్గర ఆపుతారా" అని అడగండి, ఆపనంటే మధురవాడలో దిగి ఆటో పట్టండి. బీచ్ వైపు సాగర్‌నగర్ దగ్గర ఇంకో గేటు ఉంది, ఋషికొండ చూసుకుని వచ్చేవాళ్ళకి అది నయం.

ఇంటి దగ్గర బేగి బయల్దేరండి. గేటు తెరిచిన మొదటి గంటా, మూసే ముందు గంటా ఈ రెండే బంగారం. పొద్దున్న జంతువుల్ని రాత్రి గదుల్లోంచి బయటికి వదుల్తారు, అప్పుడు వాసన చూసుకుంటూ తిరుగుతుంటాయి. సాయంత్రం లోపల తిండి ఉంటదని తలుపు దగ్గర కాచుకుని ఉంటాయి. మధ్యాహ్నం పన్నెండింటికి వెళ్ళి "అన్నీ పడుకునే ఉన్నాయి, జూ బాలేదు" అంటే ఎలాగ, ఎలుగు అడవిలో అయినా ఎండపూట పడుకునే ఉంటది. ఆ మధ్యాహ్నం టైములో పాములు, మొసళ్ళు చూసుకోండి, పులిహోర తినండి, చెట్టుకింద కునుకు తియ్యండి.

బోను ముందు నిలబడి ఏం చూడాలి

ఇదే అసలు పని. జూ అంతా తిరగాలన్న ఆశ వదిలేసి, మీరు ఎంచుకున్న జంతువు ముందు కనీసం ఇరవై నిమిషాలు నిలబడండి. మొదటి ఐదు నిమిషాలు బోర్ కొడతది. మీతో వచ్చినవాళ్ళు పదండి పదండి అంటారు. వాళ్ళని కోతుల దగ్గరికి పంపించెయ్యండి.

మొదట చూడాల్సింది కదలిక. జంతువు ఒకే దారిలో, అదే మలుపు దగ్గర అదే కాలు వేసి, అటూ ఇటూ అటూ ఇటూ తిరుగుతూనే ఉంటే, లేదా ఎలుగు నిలబడిన చోటే తల ఊపుతూ ఉంటే, అది ఆడుకోవడం కాదు, ఏమీ తోచక వచ్చే అలవాటు. నేలమీద ఆ దారి అరిగిపోయి గాడి పడిందా చూడండి, గాడి ఉంటే ఇది ఈరోజు సంగతి కాదన్నమాట. కానీ ఇక్కడ తొందరపడకండి. 1998లో కేంద్రం సర్కస్‌ల్లో పులి, సింహం, చిరుత, ఎలుగు, కోతి ఆడించడం ఆపించేసింది, అలా విడిపించిన సింహాలూ పులుల కోసం వైజాగ్‌లో, తిరుపతిలో రెస్క్యూ సెంటర్లు పెట్టారు. చిన్నప్పుడే ఇరుకు బోనులో పెరిగిన జంతువుకి తర్వాత ఎకరం ఇచ్చినా ఆ తిరుగుడు పోదు. కాబట్టి "ఇది ఎక్కడ్నుంచి వచ్చింది" అని కీపర్‌ని అడిగాకే మార్కు వెయ్యండి. అన్నట్టు ఆ రెస్క్యూ సెంటర్లు మనం చూడ్డానికి కాదు, అక్కడికెళ్ళి గేటు దగ్గర గొడవ పడొద్దు.

తర్వాత చోటు. పులికీ సింహానికీ జంటకి కనీసం 1000 చదరపు మీటర్లు, చిరుతపులి జంటకి 500 ఉండాలని జూ రూల్స్‌లో ఉంది. మీటర్లు మనకి ఎక్కవు గానీ సెంట్లలో చెప్తే అందరికీ తెలుస్తది, 1000 అంటే దగ్గర దగ్గర 25 సెంట్లు, 500 అంటే పన్నెండున్నర సెంట్లు. ఇళ్ళ స్థలాలు కొని అమ్మే ఊరోళ్ళం, కంటితో చూసి ఎన్ని సెంట్లో చెప్పేస్తాం కదా, ఆ కన్ను ఇక్కడ వాడండి. అనుమానంగా ఉంటే కంచె పక్కనే నడుచుకుంటూ అడుగులు లెక్కెయ్యండి. ఒక్కోసారి లోపల చోటు బోలెడు ఉంటది గానీ జంతువు రోజంతా ఒక్క మూలే ఉంటది, ఎందుకంటే నీడ అక్కడే ఉంది, అప్పుడు మిగతా ఇరవై సెంట్లూ ఉన్నా లేనట్టే.

నీడ దగ్గర మన తీరం సంగతి ఒకటి మర్చిపోవద్దు. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫాను వచ్చి వైజాగ్ జూలో చెట్లని పీకి పారేసింది. 2019 మేలో ఫణి నందన్‌కానన్‌లో అదే పని చేసింది. తిత్లీ తర్వాత మన ఉద్దానంలో కొబ్బరితోటలు ఎలాగున్నాయో చూసినవాళ్ళకి తెలుసు, చెట్టు మళ్ళీ నీడ ఇవ్వాలంటే ఏళ్ళు పడతది. కాబట్టి చెట్లు చిన్నగా ఉన్నాయా పెద్దగా ఉన్నాయా అని కాదు, చెట్లు లేని చోట వాళ్ళు ఏం చేశారో చూడండి. పందిరి వేశారా, గడ్డి కప్పు కట్టారా, గుహలాంటిది కట్టారా, నీళ్ళ తొట్టి నీడలో ఉందా ఎండలో ఉందా. ఏప్రిల్, మే నెలల్లో వెళ్తే స్ప్రింక్లర్లు, కూలర్లు, తడిపిన తెరలు ఉన్నాయా అని. కోస్తాకి దూరంగా లోపలెక్కడో ఉన్న జూకి ఈ తుఫాను బాధ లేదు, ఎండ బాధ ఇంకా ఎక్కువ, రెండూ ఒకే కొలతతో చూడకూడదు.

ఇంకొకటి, దాక్కునే చోటు. ఇది మనకి నచ్చదు, డబ్బులిచ్చి టికెట్ కొన్నాం కనబడాలి కదా అనిపిస్తది. కానీ జంతువుకి మనుషుల కంటినుంచి తప్పుకునే చాటు ఉండాలి. ఇరవై నిమిషాల్లో ఒకసారి కూడా కనబడకపోయినా ఆ బోను మంచిదే అయ్యుండొచ్చు. నాలుగువైపులా జనం నిలబడి అరిచేలా కట్టిన బోనుకంటే ఒకవైపు నుంచే చూసేలా కట్టినది నయం.

ఆఖరుగా పని. దుంగలు, టైర్లు, వేలాడే గోనె, తవ్వుకోవడానికి మట్టిగుట్ట, లోపల తేనె పూసిన కన్నాల చెక్క, ఇలాంటివి ఉన్నాయా? ఉంటే అవి కొత్తగా ఉన్నాయా, లేక ఎప్పుడో పెట్టి వదిలేస్తే పాతబడి జంతువు వాటివైపే చూడట్లేదా? ఒక్క గోనెసంచిని వారానికోసారి మార్చే చిన్న జూ, లక్షలు పెట్టి ఊయల కట్టి వదిలేసిన పెద్ద జూకంటే మేలు. నా లెక్కలో ఎక్కువ మార్కులు దీనికే.

తెల్లపులిని చూసి మోసపోవద్దు

తెల్లపులి ఉందంటే జనం అక్కడే. అది వేరే జాతి కాదు, మామూలు బెంగాల్ పులే, రంగు జన్యువు తేడా అంతే. 1951లో రీవా అడవుల్లో పట్టుకున్న మోహన్ అనే పిల్ల నుంచే జూల తెల్లపులుల వంశం చాలావరకు వచ్చింది, ఆ తెలుపు పోకుండా ఉండాలని దగ్గర చుట్టాల మధ్యే జత కలిపారు, దాంతో చూపు తేడాలు, మెల్లకన్ను లాంటివి వచ్చాయి. 1980లో నందన్‌కానన్‌లో మామూలు రంగు తల్లిదండ్రులకే తెల్లపిల్లలు పుట్టడం అప్పట్లో పెద్ద వార్త. చూడండి, ఫోటో తీసుకోండి, కానీ పోల్చేటప్పుడు తెల్లపులికి ఎక్స్‌ట్రా మార్కు వెయ్యకండి.

దానికంటే ఆ జూకి సొంత పని ఏదైనా ఉందా చూడండి. వైజాగ్ జూ 1977లో తెరిచారు, కంబాలకొండ అడవి పక్కన 625 ఎకరాలు, అక్కడ చూడాల్సింది రేచుకుక్కలు, అంటే అడవికుక్కలు, వాటి సంతతి పెంచే పని ఆ జూ చేస్తోంది. చాలామంది అవేవో ఊరకుక్కలని దాటి వెళ్ళిపోతారు, కాసేపు ఆగి గుంపులో ఎవరి తోక ఎవరు చూస్తున్నారో గమనించండి, పులికంటే సరదాగా ఉంటది. నందన్‌కానన్‌లో 1980లోనే ఘరియాల్ మొసళ్ళు పిల్లల్ని పెట్టాయి, బోనులో అలా జరగడం ప్రపంచంలోనే మొదటిసారి, అలుగుల్ని (పాంగోలిన్లని) పెంచే కేంద్రం కూడా అక్కడ ఉంది. ఆ జూకి చీకటి రోజులూ ఉన్నాయి, 2000 జులైలో రక్తంలో పెరిగే పరాన్నజీవి జబ్బుతో డజను దాకా పులులు కొద్దిరోజుల్లోనే పోయాయి. జూ ఆస్పత్రి, డాక్టర్లు, క్వారంటైన్ గురించి ఎందుకు అడగాలో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

బోర్డులు, కీపర్లు

బోర్డు మీద తెలుగు పేరు ఉందా, మనవాళ్ళు పిలిచే పేరు ఉందా, ఆ జంతువు ఏ అడవిలో ఉంటదో మ్యాప్ ఉందా, బోర్డులో ఉన్న జంతువే బోనులో ఉందా. ఇంతే, దీని మీద ఎక్కువ టైము పెట్టకండి.

కీపర్‌తో మాట్లాడ్డం మాత్రం వదలొద్దు. ఎలా మాట్లాడాలంటే, ఆయన బకెట్ పట్టుకుని పనిలో ఉన్నప్పుడు కాదు, పని అయ్యి నీడన కూర్చున్నప్పుడు వెళ్ళి, "బాబూ, దీనికి పేరేటి? ఏటి తింటది?" అని మామూలుగా అడగండి. పేరు పెట్టి పిలిస్తే జంతువు ఆయన వైపు తిరిగిందంటే మీకు కావాల్సిన జవాబు సగం వచ్చేసినట్టే. చాలా జూల్లో పెద్దపులులకి వారానికి ఒకరోజు తిండి పెట్టరు, అడవిలో రోజూ వేట దొరకదు కదా, ఆ లెక్కన. అది తెలీక "పస్తు పెడుతున్నారు" అని గొడవ చేసేవాళ్ళని చూశాను. డబ్బులిచ్చి దగ్గరగా చూపించమనడం, లోపలికి తీస్కెళ్ళమనడం వద్దు, పాపం ఆయన ఉద్యోగం పోతది.

రెండో జూ, మూడో జూ

వైజాగ్ అయ్యాక నందన్‌కానన్. ఆమదాలవలసలో, అంటే శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో, రాత్రి రైలెక్కితే పొద్దున్నకి భువనేశ్వర్, పలాస వాళ్లకి ఇంకా దగ్గర. బారంగ్ స్టేషన్ జూ పక్కనే గానీ అన్ని బళ్ళూ ఆగవు, భువనేశ్వర్‌లో దిగి సిటీ బస్సు చూసుకోండి. అది ఒక్కరోజులో అవ్వదు, సరస్సు, బొటానికల్ గార్డెన్ కలిసి ఉంటాయి, ఎలుగు, పక్షులు, ఘరియాల్ ఈ మూడే పెట్టుకోండి.

విజయనగరం, పార్వతీపురం వాళ్ళయితే రాయగడ మీదుగా దుర్గ్ వెళ్ళే రైలెక్కి భిలాయ్ మైత్రీబాగ్ చూడొచ్చు. 1972లో భారత్, సోవియట్ స్నేహం గుర్తుగా స్టీల్ ప్లాంట్ వాళ్ళు పెట్టింది. అడవిశాఖ కాకుండా ఒక ఫ్యాక్టరీ నడిపే జూ ఎలాగుంటదో చూడ్డానికి ఇది మంచి ఛాన్స్, పోల్చడానికి మంచి జోడీ కూడా.

వీలైతే రెండు జూలూ ఒకే సీజన్లో చూడండి, ఒకటి జనవరిలో ఇంకొకటి మేలో చూస్తే మీరు పోల్చేది జూలని కాదు, వాతావరణాన్ని. ఇంటికొచ్చిన రాత్రే రాసెయ్యండి, పడుకుంటే సగం పోతది. జంతువు పేరు, చూసిన టైము, ఎండా మబ్బా, కదలిక, చోటు ఎన్ని సెంట్లు, నీడ, చాటు, పని, కీపర్ చెప్పింది. పదికి ఎన్ని అని మార్కులు వేసుకోండి గానీ అన్నీ కూడి టోటల్ చెయ్యకండి, ఎలుగుకి బాగుండి పక్షులకి ఘోరంగా ఉన్న జూ ఉంటది, టోటల్‌లో ఆ ముక్క కనబడకుండా పోతది.

కళ్ళముందు తప్పు కనబడితే

జంతువుకి పుండు ఉండి ఈగలు ముసురుతున్నా, తొట్టిలో నీళ్ళు లేకపోయినా, టైము వేసి ఫోటో తీసి, క్యూరేటర్ (జూ పెద్ద అధికారి) ఆఫీసుకి వెళ్ళి రాతపూర్వకంగా ఇవ్వండి, కాపీ మీ దగ్గర ఉంచుకోండి. వీడియో తీసి స్టేటస్ పెట్టడం తర్వాత, ముందు ఆఫీసులో చెప్పండి, చాలాసార్లు పుండుకి మందు అప్పటికే నడుస్తుంటది. తప్పు చేసేది మనలాంటి సందర్శకులే అయితే, అంటే రాయి విసరడం, పల్లీలు వెయ్యడం, అద్దం మీద కొట్టడం, దగ్గర్లో ఉన్న గార్డుని పిలవండి. వన్యప్రాణి చట్టం 38జె సెక్షన్ ప్రకారం జూలో జంతువుని ఏడిపించినా, తిండి పెట్టినా, గోల చేసి బెదరగొట్టినా, చెత్త పడేసినా నేరమే. గార్డు లేకపోతే మీరే చెప్పండి, కొంచెం నవ్వుతూ చెప్తే చాలామంది ఆపేస్తారు, ఆపకపోతే వాళ్ళ గుంటల వైపు తిరిగి చెప్పండి, పిల్లలే పెద్దవాళ్ళని చెయ్యిపట్టుకుని లాక్కెళ్తారు.